డ్రాఫ్ట్‌లో పేరు రాని ఫుట్‌బాల్ లైన్‌మన్‌తో ఏడాది: నా అనుభవం

నేను అథ్లెటిక్ ట్రైనర్‌ని. జిమ్‌లో బరువులు ఎత్తించే పని కాదు నాది. దెబ్బలు చూడడం, చీలమండకి టేపు చుట్టడం, ఆపరేషన్ అయిన మోకాలిని మళ్ళీ దారికి తేవడం. 2025 జనవరి 6, సోమవారం పొద్దున డాలస్ దగ్గరున్న మా సెంటర్‌కి అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే ఒక అఫెన్సివ్ లైన్‌మన్ వచ్చాడు. తమ జట్టు చేతిలో బంతి ఉన్నప్పుడు ముందు వరసలో నిలబడి ఎదుటివాళ్ళని అడ్డుకునేవాడన్నమాట. వయసు 23, చదివింది చిన్న కాలేజీ, ఎత్తు 6 అడుగుల 3 అంగుళాల పైచిలుకు, బరువు 317 పౌండ్లు, అంటే దాదాపు 144 కిలోలు. ఆ రోజు మొదలుకొని 2026 జనవరి మొదటి వారం దాకా అతని ఒంటి లెక్కలన్నీ నేను చూసుకున్నాను. మొదటి పది వారాలు మా దగ్గరే ఉన్నాడు. జట్టులో చేరాక రోజూ రాత్రి ఫోన్‌లో మాట్లాడుకునేవాళ్ళం, నెలకోసారి నేనే వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. అతని అనుమతితోనే ఇది రాస్తున్నాను. అతని పేరు, జట్టు పేరు మాత్రం రాయను.

టెక్సస్‌లో మనవాళ్ళ పిల్లలు కొందరు హైస్కూల్ జట్లలో లైన్‌లో ఆడుతున్నారు. "మావాడికి ఒడ్డూ పొడుగూ ఉంది, ఇందులోనే పైకెళ్తే ఎలా ఉంటుందండీ?" అని ఈ ఏడాదే ముగ్గురు తండ్రులు నన్ను అడిగారు. ముగ్గురికీ ముక్కలు ముక్కలుగా చెప్పాను. మొత్తం వరసగా చెప్పాలంటే ఇదీ.

ముందు డబ్బు సంగతి. కాలేజీ ఆటగాళ్ళని ఎన్.ఎఫ్.ఎల్. (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ కోసం జనవరి నుంచి మార్చి దాకా సాగే ఈ తయారీకి ఆటగాడు జేబులోంచి పెట్టడు, ఏజెంట్ పెడతాడు. మా కుర్రాడికి శిక్షణ, ఇద్దరు కలిసి ఉండే అపార్ట్‌మెంట్, తిండి అన్నీ కలిపి పది వారాలకి 16,000 డాలర్లు దాటింది. ఒప్పందంలో ఒక చిన్న వాక్యం ఉంది: ఏడాదిలోపు ఏజెంట్‌ని మారిస్తే ఈ డబ్బు వెనక్కి కట్టాలి. సంతకం పెట్టిన ఆరు వారాలకి, ఇంకొకరి కాగితం చూసినప్పుడు గానీ అతనికి ఆ సంగతి తెలియలేదు. జట్టుతో కుదిరే జీతంలో ఏజెంట్ వాటా 3 శాతం దాటకూడదు, ఆటగాళ్ళ సంఘం పెట్టిన హద్దు అది. అందుకే సంతకానికి ముందు అడగాల్సింది కమిషన్ గురించి కాదు, ఈ వెనక్కి కట్టే డబ్బు గురించి.

తరువాత తిండి. 317 నుంచి 308 పౌండ్లకి తేవాలి, కానీ బలం ఒక్క పిసరు తగ్గకూడదు. రోజుకి 5,200 కేలరీలు లెక్క కట్టి ఆరు పూటలుగా పంచాం. పొద్దున ఆరు గుడ్లు, రెండు కప్పుల ఓట్స్. మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి పూటకి 300 గ్రాముల మాంసం, పక్కన తెల్లన్నం. లైన్‌మన్‌లకి తెల్లన్నమే ఎక్కువ పెడతారు, తేలిగ్గా అరుగుతుంది కాబట్టి. నాలుగో వారానికి మాంసం చూస్తేనే మొహం తిప్పుకోవడం మొదలుపెట్టాడు. రాత్రి పూట నేను పెరుగన్నం కలిపి ఇచ్చాను, ఉప్పు కాస్త ఎక్కువ వేసి. అది అతనికి అలవాటైపోయింది. ఇప్పటికీ హోటల్ గదిలో సొంతంగా కలుపుకుంటాడు.

ఈ బరువు మోయడం వాళ్ళకి సుఖమేమీ కాదు. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టు లెఫ్ట్ టాకిల్ (లైన్‌లో ఎడమ చివరివాడు) జో థామస్ వరసగా 10,363 స్నాప్‌లు, అంటే బంతి ఆటలోకి వచ్చిన అన్నిసార్లు, ఆడి 2018లో ఆట మానేశాడు. మానేసిన కొన్ని నెలల్లోనే పాతిక కిలోల దాకా తగ్గిపోయాడు. అతని ఒంటికి సహజమైన బరువు అదన్నమాట. ఉద్యోగం కోసం మిగతాదంతా ఏళ్ళ తరబడి తిని నిలబెట్టుకున్నాడు.

ఇక జట్ల ముందు ఇచ్చే పరీక్షలు. 40 గజాల పరుగు, 225 పౌండ్ల బెంచ్ ప్రెస్, నిలుచున్న చోటి నుంచి పైకి దూకడం, ముందుకు దూకడం, చురుగ్గా దిశ మార్చుకుంటూ పరుగెత్తే షటిల్, త్రీ కోన్. లైన్‌మన్‌కి ఆటలో 40 గజాలు తిన్నగా పరుగెత్తే పని దాదాపు రాదు. అందుకే ప్రమాదమంతా అక్కడే ఉంది. ఆట మొత్తం మోకాళ్ళు వంచి, చిన్న చిన్న అడుగులతో నడిచిన కాలిని ఒక్కసారిగా నిటారుగా, పొడవు అడుగులతో పరిగెత్తిస్తే తొడ వెనక కండరం పట్టేస్తుంది, లేదా చిరుగుతుంది. మొదటి రెండు వారాలు పది గజాలకి మించి పరిగెత్తనివ్వలేదు. మూడో వారంలో 20, ఐదో వారంలో 30, పూర్తి 40 మొత్తం శిక్షణలో నాలుగుసార్లే. లైన్‌మన్ విషయంలో స్కౌట్లు (ఆటగాళ్ళని బేరీజు వేసే జట్ల మనుషులు) నిజంగా చూసేది కూడా మొదటి పది గజాల సమయాన్నే. బంతి కదలగానే ఎంత త్వరగా లేచాడన్నది తెలిసేది అక్కడే. మావాడు 1.90 సెకన్ల నుంచి 1.80కి వచ్చాడు. తగ్గిన ఆ పదోవంతు సెకను కాలి బలం వల్ల వచ్చింది కాదు, మొదటి అడుగు మరీ పొడవుగా వేయడం మానేయడం వల్ల వచ్చింది.

చేతి పొడవు సంగతి నాకే కొత్త. భుజం చివరి ఎముక నుంచి నడిమి వేలి కొన దాకా టేపు పెట్టి, అంగుళంలో ఎనిమిదో వంతు దాకా లెక్క రాస్తారు. టాకిల్‌కి 33 అంగుళాలు లేకపోతే కనుబొమలు ముడిపడతాయి. 2025లోనే లూసియానా స్టేట్ యూనివర్సిటీ ఆటగాడు విల్ క్యాంప్‌బెల్ చేయి ఇండియానాపొలిస్ కంబైన్‌లో (పిలిచిన ఆటగాళ్ళని అన్ని జట్లూ ఒకేచోట పరీక్షించే శిబిరం) 32 అంగుళాల 5/8 వచ్చింది, ప్రో డేలో (కాలేజీలోనే జట్ల మనుషుల ముందు ఇచ్చే పరీక్ష) 33 వచ్చింది. మనిషి అదే, చేయి అదే, కొలిచిన రోజు వేరు. అయినా న్యూ ఇంగ్లండ్ జట్టు అతన్ని డ్రాఫ్ట్‌లో నాలుగో పిక్‌గా తీసుకుంది. మావాడిది 32 అంగుళాల పావు. అంటే టాకిల్ దారి మూసుకున్నట్టే. మిగిలింది లోపలి మూడు స్థానాలు: నడుమ సెంటర్, అతనికి రెండు పక్కలా గార్డ్‌లు. కాలేజీలో నాలుగేళ్ళూ లెఫ్ట్ గార్డ్ ఒక్కటే ఆడాడు.

అందుకని జనవరి 20 నుంచి రోజూ శిక్షణ అయ్యాక 60 సార్లు సెంటర్ స్నాప్‌లు (కాళ్ళ మధ్య నుంచి బంతిని వెనక్కి అందించడం), 40 సార్లు కుడి వైపు అడుగులు. బయటివాళ్ళకి ఎడమ గార్డ్, కుడి గార్డ్ ఒకటే అనిపిస్తుంది. కానీ కాలు, చేయి, తుంటి అన్నీ అద్దంలో తిరగబడినట్టు మారాలి. ఎడమ చేత్తో రాయమన్నట్టు ఉంటుంది. మొదటి పది రోజులు స్నాప్ వేసి చేయి పైకి తెచ్చేలోపే ఎదుటివాడు ఛాతీ మీదికి వచ్చేసేవాడు. కారణం, బంతి వదిలాక అతని కుడి చేయి ఒక క్షణం కాళ్ళ మధ్యే ఉండిపోతోంది. స్నాప్‌తో పాటే ఎడమ చేయి ముందు కొట్టాలి, కుడిది వెనకే వచ్చి కలవాలి. అది ఒంటికి పట్టడానికి ఐదు వారాలు పట్టింది. ఆ ఏడాది మొత్తంలో అతనికి కూడు పెట్టింది ఆ ఐదు వారాలే.

కంబైన్‌కి పిలుపు రాలేదు. ఏటా పిలిచేది 330 మంది దాకా ఆటగాళ్ళనే. పిలుపు రాకపోతే పోయేది పరుగు పరీక్ష కాదు, డాక్టర్ల పరీక్ష. ఇండియానాపొలిస్‌లో అన్ని జట్ల డాక్టర్లూ ఒకేచోట చూస్తారు, అక్కడికక్కడే ఎమ్మారైలు తీస్తారు. అక్కడికి వెళ్ళనివాడి ఒంటి గురించి జట్లకి తెలిసేది అతను పంపిన ఫైలుని బట్టే. మావాడికి 2022లో ఎడమ మోకాలి మెనిస్కస్ (కీలు లోపలి మెత్తటి ఎముక) కుట్టారు. ఆ ఆపరేషన్ నోట్, ముందూ వెనకా తీసిన ఎమ్మారై డిస్కులు, ఫిజియోథెరపీ నమోదులు తెప్పించడానికి 23 రోజులు పట్టింది. వచ్చిన డిస్కుల్లో ఒకటి తెరుచుకోలేదు. మళ్ళీ అర్జీ, మళ్ళీ తొమ్మిది రోజులు. కొడుకుకి హైస్కూల్లో మోకాలికి దెబ్బ తగిలినా సరే, ఆ డిస్కు కాపీ అదే వారం తీసుకుని ఇంట్లో పెట్టుకోండి.

మార్చి 20, గురువారం, ప్రో డే. బరువు 309. బెంచ్ మీద 225 పౌండ్లు 24 సార్లు, మా జిమ్‌లో 27 చేసేవాడు. మూడు తగ్గడానికి కారణం ఏమిటంటే, మోచేతులు పూర్తిగా సాగకపోతే లెక్కపెట్టరు. అలసట వచ్చాక రెండు సార్లు అక్కడ పోయాయి, ఒకటి ఊపిరి తప్పు చోట వదలడం వల్ల పోయింది. పరీక్షలన్నీ గంటన్నరలో అయిపోయాయి. తరువాత ఇద్దరు లైన్ కోచ్‌లు అతన్ని పక్కకి తీసుకెళ్ళి 40 నిమిషాలు సెంటర్ స్నాప్‌లు వేయించారు. జనవరిలో వేసిన స్నాప్‌ల విలువ నాకు అప్పుడు తెలిసింది. గోడకి ఆనుకుని ఊపిరి బిగపట్టి చూస్తూ ఉండిపోయాను. ఒక్క బంతి కూడా నేల మీద పడలేదు.

ఆ తరువాత ఐదు వారాలు ఏమీ లేదు. ఫోన్ మోగితే గుండె గుభేల్, మోగకపోతే దిగులు. ఆ రోజుల్లో నిద్ర ఐదు గంటలకి పడిపోయింది, బరువు 304కి జారింది. శిక్షణ ఆపకుండా వారానికి నాలుగు రోజులు పెట్టడం తప్ప దానికి మందు లేదు.

డ్రాఫ్ట్ ఏప్రిల్ 24 నుంచి 26 దాకా గ్రీన్ బేలో జరిగింది. ఏడు రౌండ్లు, 257 మంది. శనివారం మధ్యాహ్నం ఆరో రౌండ్ నడుస్తుండగానే ఏజెంట్‌కి ఫోన్లు మొదలయ్యాయి: "మీవాడి పేరు రాకపోతే మా దగ్గరికి వస్తాడా?" ఆఖరి పిక్ అవ్వకముందే రెండు జట్ల నుంచి మాటలొచ్చాయి. ఒక జట్టు 20,000 డాలర్ల బోనస్ ఇస్తానంది, రెండోది 7,500. నిర్ణయానికి ఉన్న సమయం 11 నిమిషాలు. అవతలివాళ్ళు వరసలో తరువాతివాడికి ఫోన్ చేసేస్తారు.

మేం ముందే ఒక కాగితం రాసి పెట్టుకున్నాం. 32 జట్లలో ఒక్కొక్క దాంట్లో సెంటర్లు, గార్డ్‌లు ఎంతమంది, ఎవరి ఒప్పందం ఎప్పుడు ముగుస్తుంది అని. 20,000 ఇస్తానన్న జట్టులో లోపలి లైన్‌మన్‌లు అప్పటికే తొమ్మిదిమంది ఉన్నారు. రెండో జట్టులో ఆరుగురు, సెంటర్‌కి బదులు ఆడగలిగేవాడు ఒక్కడే. 7,500 వైపు వెళ్ళాడు. వాళ్ళమ్మగారికి ఆ రోజు ఇది మింగుడుపడలేదు. నా లెక్కలో ఏడాది మొత్తంలో తీసుకున్న అతి మంచి నిర్ణయం అదే. డ్రాఫ్ట్‌లో పేరు రాకపోవడమంటే తలుపు మూసుకోవడం కాదు. జేసన్ పీటర్స్‌ని 2004లో ఎవరూ తీసుకోలేదు, కాలేజీలో అతను టైట్ ఎండ్, అంటే అడ్డుకోవడంతో పాటు బంతి కూడా పట్టేవాడు. లీగ్‌లో మేటి ఆటగాళ్ళని పిలిచే ప్రో బౌల్‌కి తొమ్మిదిసార్లు ఎంపికైన టాకిల్ అయ్యాడు. కాకపోతే పీటర్స్‌లు అరుదు, ఆ సంగతి కూడా కుర్రాడికి చెప్పాను.

ఒప్పందం మూడేళ్ళది. కాగితం మీద మొదటి ఏడాది జీతం 840,000 డాలర్లు. ఊళ్ళో బంధువులు ఆ అంకె చూసి పండగ చేసుకున్నారు. అది సీజన్‌కి ఉంచుకునే 53 మంది జట్టులో ఉంటేనే, అదీ ఉన్న వారాలకే. ఆ రోజుకి అతనికి వచ్చింది 7,500 బోనస్ ఒక్కటే, అందులోంచీ పన్ను పోతుంది.

మే 9న కొత్తవాళ్ళ శిబిరం, తరువాత జూన్ దాకా సాధన, ఆపైన ఐదారు వారాల విరామం. ఐప్యాడ్‌లో ప్లేబుక్ (జట్టు ఎత్తుగడల పుస్తకం) ఇస్తారు. సెంటర్ ఆడేవాడు అందరికంటే ఎక్కువ నేర్చుకోవాలి, ఎదుటి డిఫెన్స్‌ని చూసి ఎవరు ఎవరిని అడ్డుకోవాలో లైన్‌లో పిలిచి చెప్పేది అతనే. విరామంలో రోజూ రాత్రి గంటసేపు ఫోన్‌లో నేను బొమ్మ చూసి చదివేవాణ్ణి, అతను పిలుపు చెప్పేవాడు. నాకు సగం అర్థం కాకపోయినా తప్పు చెబితే తెలిసిపోయేది, గొంతు తగ్గేది.

జులై 22న శిక్షణ శిబిరం. ఇక్కడ ఎండ గురించి చెప్పాలి, రోహిణి కార్తె ఎరిగిన మనవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. 140 కిలోల మనిషి, హెల్మెట్, భుజాల ప్యాడ్‌లు, లైన్‌మన్‌లకి 2022 నుంచి శిబిరంలో తప్పనిసరి చేసిన మెత్తటి గార్డియన్ క్యాప్ హెల్మెట్ పైన. రెండు గంటల్లో మావాడు తొమ్మిది పౌండ్ల చెమట కార్చేవాడు. సాధనకి ముందు, తరువాత తూకం చూస్తారు. తగ్గిన ప్రతి పౌండుకీ 600 నుంచి 700 మిల్లీలీటర్లు తాగాలి, అంటే తొమ్మిది పౌండ్లకి దాదాపు ఆరు లీటర్లు. ఒకేసారి తాగితే కడుపు ఉబ్బరం, వాంతి. ఉత్త నీళ్ళే తాగితే ఒంట్లో సోడియం పడిపోతుంది, అది ఇంకా ప్రమాదం. నిద్రపోయేలోపు విడతలు విడతలుగా, ఉప్పుతో పాటు తాగాలి. మర్నాడు పొద్దున తూకం ముందు రోజు పొద్దుటి తూకానికి మూడు పౌండ్లలోపు రాకపోతే నాకు చెప్పాలన్నది మా నియమం. శిబిరంలో రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ వాళ్ళ ట్రైనర్ దగ్గరికి పంపాను.

2001 ఆగస్టు 1న మిన్నెసోటా వైకింగ్స్ టాకిల్ కోరీ స్ట్రింగర్ శిబిరంలో తగిలిన వడదెబ్బతో చనిపోయాడు. వయసు 27. అతని పేరుతోనే కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో సంస్థ ఉంది. వాళ్ళు నేర్పే మొదటి పాఠం: ముందు చల్లబరచు, తరువాత ఆసుపత్రికి తరలించు. మంచునీళ్ళ తొట్టిలో మెడ దాకా ముంచి, ఒంటి లోపలి వేడి 39 డిగ్రీల దగ్గరికి దిగాకే అంబులెన్స్. మీ పిల్లలు ఆడే స్కూల్‌లో ఆగస్టులో ఆ తొట్టి మైదానం పక్కన నింపి ఉందో లేదో వెళ్ళి చూడండి. లేకపోతే అడగండి, మొహమాటపడకండి.

టేపు సంగతి చాలామంది అడుగుతారు, అదీ చెప్తాను. పాదం 90 డిగ్రీల్లో నిలబెట్టాలి, బొటనవేలు ముక్కు వైపు చూస్తున్నట్టు. మడమ వెనకా, పాదం పైన వంగే చోటా వేజలీన్ పూసిన దూది మెత్తలు. వాటి మీద పలచటి నురగ పట్టీ ఒక్క పొర. పిక్క కింద రెండు కట్లు లంగరులా. లోపలి వైపు నుంచి మడమ కింద పోనిచ్చి బయటి వైపుకి లాగే నిలువు పట్టీలు మూడు. పాదం లోపలికి తిరిగి చీలమండ మడత పడకుండా ఆపేది ఇవే. తరువాత ఎనిమిది అంకెలా ఒకటి, మడమని రెండు వైపులా బిగించే హీల్ లాక్‌లు రెండేసి. తెల్లటి ఒకటిన్నర అంగుళాల టేపు, ఒక్కో కాలికి దాదాపు ఒక చుట్ట. తప్పు జరిగేది మూడు చోట్ల. ముడత పడితే పొక్కు. చిటికెన వేలి వైపు ఎముక దగ్గర బిగిస్తే పది నిమిషాల్లో వేళ్ళు తిమ్మిరి. పాదం కిందికి వాలి ఉండగా చుట్టేస్తే అసలు పట్టే ఉండదు. అన్నీ సరిగ్గా చేసినా అరగంట ఆటకి పట్టు చాలా సడలుతుంది. అందుకే మావాడికి టేపు మీద లేసులు కట్టే బ్రేస్ కూడా వేయించాం. వేళ్ళు కూడా అంతే. ఎదుటివాడి జెర్సీలో ఇరుక్కుని వేళ్ళు తొలగడం లైన్‌లో రోజువారీ సంగతి. పక్కపక్క వేళ్ళు రెండూ కలిపి కట్టాలి, కీలు మీద కాదు, కీలుకి పైనా కిందా.

చీలమండ నిలిచింది, మోకాలు దెబ్బతింది. ఆగస్టు 16న రెండో ప్రీ-సీజన్ (సీజన్‌కి ముందు ఆడే సన్నాహక) ఆటలో, 27వ స్నాప్‌కి, వెనక ఎవరో పడి అతని ఎడమ కాలి మీదికి దొర్లారు. లైన్‌మన్‌కి దెబ్బ ఎక్కువగా ఇలాగే తగులుతుంది, తను కొట్టినప్పుడు కాదు, ఎవరో వెనక పడినప్పుడు. లోపలి లిగమెంటు బెణుకు, మొదటి గ్రేడ్. పాత కుట్టు క్షేమం. ఆ రాత్రి ఫోన్‌లో అతను అన్న మాట: "వాళ్ళకి చెప్పకపోతే? బిగించి కట్టుకుని ఆడేస్తాను." వద్దన్నాను, గట్టిగానే. జట్టు దగ్గర నమోదైన దెబ్బకి జట్టు బాధ్యత వహించాలి, కోలుకోకుండా ఊరికే పంపేయకూడదు. నమోదు కాని దెబ్బ పూర్తిగా ఆటగాడి నెత్తిన. ఇంకో డాక్టర్ అభిప్రాయం జట్టు ఖర్చు మీదే తీసుకునే హక్కు కూడా ఒప్పందంలో ఉంది, అతను వాడుకున్నాడు. ఇద్దరూ ఒకే మాట చెప్పారు, పది రోజులు. దాంతో ఆఖరి ప్రీ-సీజన్ ఆట పోయింది. అంచు మీద ఉన్నవాడికి తనేమిటో చూపించుకునే ఆట అది.

ఆగస్టు 26, మంగళవారం, తూర్పు సమయం సాయంత్రం నాలుగు గంటలకల్లా ప్రతి జట్టూ 53 మందికి తగ్గాలి. మావాడికి పొద్దున పదిన్నరకి పిలుపు వచ్చింది: "కోచ్ రమ్మంటున్నాడు, ఐప్యాడ్ తెచ్చుకో." ఐప్యాడ్ తెమ్మన్నారంటే జట్టులోంచి తీసేస్తున్నారని అర్థం. మోకాలికి ఆఖరి పరీక్ష చేశారు, కోలుకున్నాడని తేలింది, సంతకం. నాలుగేళ్ళ సర్వీసు లేనివాడు మర్నాడు మధ్యాహ్నం 12 దాకా వేవర్స్ అనే జాబితాలో ఉంటాడు, ఆలోపు ఏ జట్టయినా తీసుకోవచ్చు. ఆ రాత్రి అతను నిద్రపోలేదు, నేనూ నిద్రపోలేదు. బుధవారం మధ్యాహ్నం 12 అయ్యింది, ఎవరూ తీసుకోలేదు. 12:40కి అదే జట్టు నుంచి ఫోన్: ప్రాక్టీస్ స్క్వాడ్‌లో చోటు. పంపేసినవాళ్ళే మళ్ళీ పిలుస్తారన్నది ముందే తెలిసి ఉంటే ఆ రాత్రి కాస్త తేలికగా గడిచేది.

ప్రాక్టీస్ స్క్వాడ్ అంటే 16 మంది, 2025లో కొత్తవాడికి వారానికి 13,000 డాలర్లు. పని ఏమిటంటే, రాబోయే ఆదివారం ఎదుటి జట్టు ఆడబోయే ఆటని కార్డులు చూసి మన డిఫెన్స్ ముందు ఆడి చూపించడం. ప్రతి వారం కొత్త జట్టులా నటించాలి. ఆదివారం ఆట టీవీలో చూడాలి. ఉద్యోగం గాల్లో దీపం. మంగళవారం మంగళవారం బయటి లైన్‌మన్‌లని పిలిచి పరీక్షిస్తుంటారు, వాళ్ళ కార్లు పార్కింగ్‌లో కనబడతాయి. అపార్ట్‌మెంట్ నెలవారీ అద్దెకే తీసుకోవాలి. ఏడాది ఒప్పందం రాస్తే ఇరుక్కుపోతారు. మావాడు నెలకి 400 డాలర్లు ఎక్కువిచ్చి నెలవారీది తీసుకున్నాడు. అక్టోబరు 14న పంపేసినప్పుడు దాని విలువ తెలిసింది. డిఫెన్స్‌లో ఇద్దరికి దెబ్బలు తగిలితే ఆ స్థానాలకి మనుషులు కావాల్సి వచ్చి ఇతని చోటు తీసేశారు. ఇంటికి వెళ్ళాడు. ఎనిమిది రోజులు జీతం లేదు, కానీ శిక్షణ, తిండి, నా ఫోన్ ఆగలేదు. అక్టోబరు 22న మళ్ళీ పిలిచారు. మరో జట్టు ఫోన్ చేస్తే మర్నాడు పొద్దున విమానం ఎక్కాలి కాబట్టి బ్రేస్‌లు, బూట్లు, రికార్డుల పెన్‌డ్రైవ్ ఒక సంచిలో సర్ది తలుపు దగ్గర పెట్టుకున్నాడు.

నవంబరు 16న ఆ ఒక్క ఆటకి ప్రాక్టీస్ స్క్వాడ్ నుంచి అసలు జట్టులోకి తీసుకున్నారు. ఇక్కడ లైన్‌మన్‌లకి మేలు చేసే నియమం ఒకటి ఉంది. ఆట రోజు జట్టు 47 మందిని దింపొచ్చు, వాళ్ళలో కనీసం ఎనిమిదిమంది అఫెన్సివ్ లైన్‌మన్‌లయితే 48. మొదలుపెట్టేవాళ్ళు ఐదుగురు, మిగతా ముగ్గురూ కలిసి ఐదు స్థానాలకి కాపు. అంటే ఒక్క స్థానమే తెలిసినవాడికి ఆ ఎనిమిదిలో చోటు కష్టం. మావాడిని పిలిచింది సెంటర్, రెండు గార్డ్‌లు మూడూ ఆడగలడని. ఆ ఆదివారం నాలుగు స్నాప్‌లు, అన్నీ ఫీల్డ్ గోల్ కాపలా, అంటే పాయింట్ల కోసం బంతి తన్నేవాడికి అడ్డు నిలబడడం. 23న మళ్ళీ. ఈసారి రైట్ గార్డ్ చీలమండ మడత పడి పదకొండు స్నాప్‌లు అతని వంతు వచ్చాయి. పదకొండింటిలో అతని పేరు వ్యాఖ్యాత ఒక్కసారీ పలకలేదు. లైన్‌మన్ పేరు వినపడలేదంటే తప్పు జరగలేదని లెక్క. నేను సోఫాలోంచి లేచి నిలబడే చూశాను.

ఆడిన ఒక్కో వారానికి 840,000లో పద్దెనిమిదో వంతు, 46,667 డాలర్లు. మొత్తం సీజన్ లెక్క: పదిహేను వారాలు 13,000 చొప్పున 195,000, రెండు వారాలకి 93,334, ఒక వారం సున్నా. దీంట్లో కేంద్ర పన్ను, ఆట జరిగిన రాష్ట్రాల పన్ను, ఏజెంట్ వాటా, రెండు చోట్ల అద్దె, తిండి, నా ఫీజు పోయాయి. చేతిలో మిగిలింది సగానికి తక్కువే. దాన్ని మూడేళ్ళకి సరిపెట్టుకోవాలని ఏజెంట్ కాకుండా వేరే అకౌంటెంట్ చేత లెక్క వేయించాం.

డిసెంబరులో మరో పిలుపు రాలేదు. అదొక్కటే నాకు ఇప్పటికీ బాధ. పెన్షన్ లెక్కలో ఒక సీజన్ జమ కావాలంటే మూడు ఆటలు కావాలి, అతనికి రెండే అయ్యాయి. అలాంటి సీజన్లు మూడు పూర్తయితేనే పెన్షన్ హక్కు. ఈ ఏడాది అతని ఖాతాలో సున్నా.

జనవరి 4తో సీజన్ ముగిసింది. 5న వెళ్ళేముందు డాక్టర్ల పరీక్ష. అక్కడ హడావిడిగా "అన్నీ బాగున్నాయి" అని సంతకం పెట్టి కారెక్కేసేవాళ్ళే ఎక్కువ. మేం ముందు రాత్రే కూర్చుని చీటీ రాశాం: ఎడమ మోకాలు లోపలి వైపు నొప్పి, కుడి ఉంగరం వేలు పూర్తిగా ముడవదు, ఎడమ భుజం రాత్రిళ్ళు లాగుతుంది. మూడూ రాయించాడు, భుజానికి ఎమ్మారై తీయించాడు, డిస్కు చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు. దాన్ని అక్కడే లాప్‌టాప్‌లో పెట్టి తెరుచుకుందో లేదో చూసి మరీ వచ్చాడు.

6న అదే జట్టుతో ఫ్యూచర్స్ ఒప్పందం, వచ్చే సీజన్ కోసం ముందే చేసుకునేది. మార్చిలో కొత్త లీగ్ సంవత్సరం మొదలైతే 90 మంది జాబితాలో ఉంటాడు. 53లో నిలబడితే ఈసారి కనీస జీతం 885,000. ఆ రాత్రి తూకం ఫొటో పంపాడు, 301. ఏప్రిల్ మూడో వారానికి 310 కావాలి. వేలికి పదిహేను రోజులు స్ప్లింట్, రోజుకి నాలుగుసార్లు గోరువెచ్చటి నీళ్ళలో ముడిచి తెరవడం. సోమవారం నుంచి స్నాప్‌లు రోజుకి 60.